గుమాస్తాకి షుగరు తగ్గింది

జూన్ 3, మంగళవారం

డాక్టరమ్మ మా పిల్లి గుమాస్తాకి వేసే ఇన్సులిన్ ఇంకో గీత పెంచారు. ఆ బుల్లి సూది మీద గీతలు వెంట్రుక మందాన ఉంటాయి. షాపులో రోజంతా కళ్ళజోడు అద్దాల అంచులు అరగదీసే దాన్ని కాబట్టి నాకు సరిపోయింది. మా ఆయనైతే లిఫ్టులు బాగుచేసే ఆ లావుపాటి వేళ్ళతో సూది పట్టుకుని, దాని వంకా, పిల్లి వంకా, నా వంకా చూసి మళ్ళీ నా చేతికే ఇచ్చేస్తారు.

"ఇంత వేస్తున్నా షుగరు ఎందుకు దిగట్లేదో! మీరు పెట్టేది కాక బయట ఇంకేమైనా తింటున్నాడా?" అని అడిగారు డాక్టరమ్మ.

"లేదండీ. మా ఇల్లు దాటితే ఏదీ ముట్టడు" అన్నాను.

వచ్చేటప్పుడు దారిలో ఆయన, "కింద వాళ్ళని ఓ మాట అడక్కపోయావా?" అన్నారు. ఏమని అడగాలి? గుమాస్తాకి జబ్బు చేసిన సంగతే వాళ్ళకి తెలియదు. ఆయన చెప్పబోతే నేనే వద్దన్నాను. అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన పిల్లి రోగాలు కూడా పంచుకోనక్కర్లేదు.

అన్నట్టు, డాక్టరమ్మ ఓపికకి దణ్ణం పెట్టాలి. తినకపోతే సూది వెయ్యొద్దని మళ్ళీ మళ్ళీ చెప్పారు. షుగరు ఎక్కువైతే నెమ్మదిగా చేటు, మరీ పడిపోతే అప్పటికప్పుడే ప్రాణం మీదికి వస్తుందట. తూలినా, పిలిస్తే పలక్కపోయినా, తేనె గానీ చక్కెర పాకం గానీ వేలితో చిగుళ్ళకి రాయాలి. నోట్లో మాత్రం పొయ్యకూడదు. అన్నిటికీ తలూపాను. మా వాడికి ఎక్కువే గానీ తక్కువ ఎక్కడిది!

జూన్ 5, గురువారం

సూది వేస్తే కిక్కురుమనలేదు. మంచివాడు. బతికించావురా నాయనా.

జూన్ 7, శనివారం

భయపడినట్టేమీ కాలేదు. పొద్దున్నే తింటాడు, నేను మెడ వెనక చర్మం ఎత్తి సూది వేస్తాను, వాడు తోక నిటారుగా పెట్టుకుని ఆఫీసుకి వెళ్తున్నట్టు మెట్లు దిగుతాడు. ఎవరేం చేస్తున్నా పక్కన చేరి లెక్క రాసుకుంటున్నట్టు చూస్తాడని ఆయన పెట్టిన పేరు గుమాస్తా. పేరుకి తగ్గట్టే వేళ తప్పడు. కాసేపటికి మీసాలు నాక్కుంటూ పైకొచ్చి అల్మరా ఎక్కి పడుకుంటాడు. కింద వరండాలో ఎండ బాగా పడుతుంది. ఎండ కోసమే వెళ్తాడు.

కింద ఆవిడ, అదే మా తోడికోడలు, రేడియో పెట్టింది. ఇప్పుడు మిక్సీ. ఇప్పుడు బావగారి మీద కేకలు: "మందులు వేసుకున్నారా? జావ తాగారా?" బావగారికీ షుగరే. ఈ మధ్య పొద్దెక్కేసరికి కళ్ళు తిరుగుతున్నాయట పాపం. నేనేం చెవులు రిక్కించి వినడం లేదు. వినపడుతుంది, అంతే.

ఆ మాట తలుచుకోకూడదని ఎంత అనుకున్నా తలపుకొస్తుంది. చుట్టాలందరి ముందు, "అద్దాలు తుడుచుకునే ఉద్యోగానికి ఇంత బిగువా?" అంది. నేను తుడవను, అమరుస్తాను. మనిషి చూపుకి తగ్గట్టు, వాళ్ళ ముక్కుకి తగ్గట్టు. దానికి నేనన్న మాట ఇక్కడ రాయను. అప్పట్నుంచి మోటారు వెయ్యాలన్నా, నీళ్ళు రాలేదన్నా, అన్నీ ఆయన నోటి మీదుగానే నడుస్తున్నాయి. హాయిగానే ఉంది. ఎవరి గోల వాళ్ళది.

జూన్ 10, మంగళవారం

ఆరేసిన దుప్పటి దులుపుతూ కింద ఆవిడ, నాకు వినపడేలా గాలితో అంది: "ఉతికిన బట్టల మీద ఈ బొచ్చేంటో! పెంచుకునేవాళ్ళకి ఉండాలి."

గాలికే జవాబు చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నా సహనానికి నేనే ఆశ్చర్యపోతున్నాను.

జూన్ 11, బుధవారం

మెట్ల తలుపుకి గడియ పెట్టాను. కోపంతో కాదు. జబ్బు మనిషి, దుమ్ములో తిరక్కుండా ఉంటే మంచిది. ఆయనతో కూడా అదే చెప్పాను. "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" నాకు నచ్చలేదు.

జూన్ 12, గురువారం

గుమాస్తా తలుపు దగ్గర కూర్చుని ఒకటే గోల. గోళ్ళతో గీరి గీరి రంగు ఊడగొట్టాడు.

మెట్ల మీద ఎవరో "ప్స్, ప్స్" అన్నట్టు వినిపించింది. తలుపు తీసి చూస్తే బావగారు. నన్ను చూడగానే గొంతు సవరించుకుని, "మోటారు ఆగిందా అని..." అంటూ దిగిపోయారు. మోటారు వెయ్యనే లేదు. చేతిలో గిన్నె ఎందుకో మరి.

జూన్ 14, శనివారం

అలక ఇంకా తీరలేదు. పెట్టింది ఊడ్చేసి, ఇంకా కావాలని కాళ్ళకి అడ్డం పడుతున్నాడు. మిగతా సమయమంతా నిద్రే. అల్మరా ఎక్కబోయి జారాడు. వయసు మీద పడుతోంది కదా. అయినా ఇంట్లో కళ్ళ ముందే ఉన్నాడు, అదే పదివేలు.

జూన్ 15, ఆదివారం

అక్షరాలు ఎలా వచ్చినా సరే, రాసేస్తాను.

పొద్దున తిన్నాడు. సూది వేశాను. అంతా మామూలే. ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారని ఫోనొస్తే ఆయన ఆదివారమని కూడా చూడకుండా పరిగెత్తారు. నేను బట్టలు మడత పెడుతూ కూర్చున్నాను. బాత్‌రూమ్‌లో దబ్బుమని చప్పుడు. బకెట్ అనుకున్నాను.

గుమాస్తా గోడకి ఆనుకుని నిలబడాలని చూస్తున్నాడు. వెనక కాళ్ళు చెరో వైపుకీ జారిపోతున్నాయి. పిలిచాను. నా వైపు తిరిగాడు గానీ నన్ను చూడలేదు. కంటిపాపలు ఇంతింత. రోజంతా జనం కళ్ళే చూసేదాన్ని, అలాంటి చూపు ఎన్నడూ చూడలేదు. అలాగే పక్కకి ఒరిగిపోయాడు. తల అదరడం మొదలైంది.

చెవి అంచున గుచ్చి రక్తం చుక్క షుగరు చూసే మీటరుకి అందించాను. అంకె రాలేదు. "లో" అని వచ్చింది. లో అంట. దేని లో? ఎక్కడో లోలోపలికి వెళ్ళిపోతున్నాడని చెప్తున్నట్టే అనిపించింది.

తేనె సీసా తీస్తే అడుగున మరక తప్ప ఏమీ లేదు. మొన్న దగ్గు వచ్చినప్పుడు ఆయన నాకేశారు. చక్కెర డబ్బా అందుకోబోతే చెయ్యి జారి వంటిల్లంతా చక్కెర. డాక్టరమ్మకి చేస్తే ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఇక నేనేమీ ఆలోచించలేదు. గడియ లాగి, మెట్ల మీద నిలబడి, "అక్కా!" అని అరిచాను.

అక్క తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని ఉన్నపళంగా వచ్చింది. మోకాళ్ళ నొప్పులని పండగకీ పబ్బానికీ కూడా మేడ ఎక్కని మనిషి, రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చింది.

"ఏమైంది పిల్లా?"

"వీడికి షుగరు పడిపోయింది అక్కా. తేనె ఉందా? తేనె!"

పిల్లికి షుగరేంటి, ఎప్పట్నుంచి, నాకెందుకు చెప్పలేదు, ఒక్కటి అడగలేదు. వెనక్కి తిరిగి, "ఏమండీ, తేనె సీసా! బల్ల మీదది కాదు, మీకు కనపడకుండా నేను దాచింది. బియ్యం డబ్బా వెనక!" అని కేకేసింది. బావగారు సీసాతో ఎక్కి వచ్చేలోపు తలకి చుట్టుకున్న తువ్వాలు లాగి, గుమాస్తాని పసిపిల్లని చుట్టినట్టు చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"చెంచాతో పోసేయనా?"

"వద్దు, గొంతుకి అడ్డం పడుతుంది. చిగుళ్ళకి రాయాలట."

"అయితే నువ్వు రాయి. నేను పట్టుకుంటా. పళ్ళు చూసుకో."

అక్క పెదవి ఎత్తి పట్టుకుంది. నేను వేలితో రాశాను. మళ్ళీ రాశాను. దవడ బిగుసుకుని అక్క వేలు వాడి పళ్ళ మధ్య పడింది. "అమ్మా" అంది గానీ చెయ్యి తియ్యలేదు. "నా సంగతి తర్వాత. నువ్వు రాస్తూ ఉండు" అంది. నా కళ్ళలోంచి కారేది తేనెలో పడుతోంది. "ఏడవకే. ఉప్పగా ఉందని ఉమ్మేస్తాడు" అంది. ఆ సమయంలో ఎవరైనా నవ్వుతారా? నవ్వాను.

ముందు నాలుక కదిలింది. పై పెదవి నాక్కున్నాడు. తర్వాత అదురు తగ్గింది. ఆ తర్వాత నన్ను చూశాడు. నన్నే చూశాడు.

తల నిలబెట్టగలిగాక వాడి గిన్నె తెచ్చి ముందు పెడితే, ఊపిరి సలపకుండా తిన్నాడు. మీటరులో అంకె వచ్చింది. తక్కువే, కానీ అంకె. ఇంతలో డాక్టరమ్మే తిరిగి ఫోన్ చేశారు. తేనె బలం కాసేపే ఉంటుంది, మళ్ళీ దిగొచ్చు, చూస్తూ ఉండండి, తిండి కొంచెం కొంచెంగా పెడుతూ ఉండండి, తూలితే వెంటనే తీసుకురండి, సాయంత్రం మాత్రం సూది ముట్టుకోవద్దు అన్నారు. "భలే చేశారమ్మా" అని కూడా అన్నారు. ఫోను అక్కకిచ్చి, "మళ్ళీ చెప్పండి, మా అక్కకి కూడా వినిపించాలి" అన్నాను.

మేమిద్దరం బాత్‌రూమ్ గుమ్మం దగ్గర నేల మీదే కూలబడ్డాం. బావగారు మాత్రం తేనె సీసా పట్టుకుని గోడ పక్కన నిలబడిపోయారు. మొహంలో రక్తం లేదు.

"రోజూ తినేంతే తిన్నాడా వీడు?" అని అడిగింది అక్క.

"ఒక్క ముద్ద కూడా తగ్గలేదు. అదే అర్థం కావట్లేదు."

"తగ్గిందమ్మా" అన్నారు బావగారు, నేల చూపులు చూస్తూ. "మెట్ల తలుపు వేసినప్పట్నుంచి వాడు కిందికి రావట్లేదు కదా."

"వస్తే?"

"నా ఓట్స్ జావ... వాడు తాగేవాడు."

అక్క నెమ్మదిగా లేచింది.

"మీ జావా? పాలు పోసి నేను ప్రేమగా కాచే జావా? రోజూనా?"

"చప్పగా ఉంటుందే. వాడికి ఇష్టం. నాకు ఇష్టం లేదు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నా."

"మందులు మింగి, జావ పిల్లికి పోసి, ఖాళీ కడుపుతో కూర్చుని కళ్ళు తిరుగుతున్నాయంటారా! మీ డాక్టరు దగ్గర నా పరువు తీశారు కదండీ! ఆయన నన్ను తిట్టాడు, సరిగ్గా పెట్టట్లేదని! నాలుగు రోజులుగా కళ్ళు తిరగట్లేదంటే నా జావ పనిచేసిందని పొంగిపోయాను!"

"పనిచేసింది నిజంగానే. తాగా కదా. వేరే దారి లేక."

అప్పుడు అర్థమయింది నాకు. జావ తాగుతూ ఉన్నన్నాళ్ళూ గుమాస్తా షుగరు దిగలేదు, డాక్టరమ్మ మందు పెంచుతూ పోయారు. నేను గడియ పెట్టాను, జావ ఆగింది, మందు ఆగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే. కింద గుమ్మంలో నిలబడి, ఒకే ఒక్క మాట.

ఆ సంగతే చెప్పబోయాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నేను మాత్రం? రోజూ వాకిట్లో కనపడే పిల్లి మాయమైతే, పైకొచ్చి ఏమైందని అడగొద్దూ? ఆ రోజు నేనన్నది కూడా..."

"వద్దులే అక్కా. నేనూ తక్కువ తినలేదు."

"తినలేదు నిజమే" అంది. ఇద్దరం మళ్ళీ నవ్వాం. గుమాస్తా గిన్నెలోంచి తలెత్తి, ఆ రెండు మొహాలూ తనకి తెలిసినవేనా అన్నట్టు చూశాడు.

ఆయన వచ్చేసరికి వంటింట్లో చక్కెర ఊడుస్తూ వాళ్ళ అన్నయ్య, నేల మీద మేము. గుమ్మంలోనే ఆగిపోయి, "లిఫ్టులో వాళ్ళు బాగానే బయటపడ్డారు" అన్నారు. ఏం చెప్పాలో తోచనప్పుడు ఆయన అలాగే ఏదో ఒకటి చెప్తారు. అక్క వేలు సబ్బుతో కడిగించి, కట్టు కట్టి, ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. "మొత్తానికి నాకూ సూది తప్పలేదు" అని నవ్వుతూ వచ్చింది.

ఇప్పుడు గుమాస్తా నా కాళ్ళ మీద పడుకుని ఉన్నాడు. ఊపిరి తీస్తున్నాడు. వదులుతున్నాడు. ఇంకేం కావాలి.

జూన్ 16, సోమవారం

షాపుకి సెలవు పెట్టాను. డాక్టరమ్మ దగ్గరికి నేనూ అక్కా వెళ్దామనుకుంటే, "నేనూ వస్తా, నేరం నాది" అని బావగారు బయల్దేరారు. గుమాస్తా బుట్ట ఆయనే ఒళ్ళో పెట్టుకున్నారు. అంతా విని డాక్టరమ్మ, "అయితే ఇన్నాళ్ళూ నేను జావకి వైద్యం చేశానన్నమాట" అన్నారు. మందు సగానికి తగ్గించారు. సూదికి ముందు మీటరు చూడమన్నారు, అంకె తను చెప్పిన దానికంటే తక్కువుంటే సూది వెయ్యకుండా ఫోన్ చెయ్యమన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనాల్సింది నేనే అనుకున్నాను, దారి పొడుగునా.

"నీ మొహం అలా పెట్టకు పిల్లా. వాడు బతికాడు" అంది అక్క.

జూన్ 19, గురువారం

పొద్దున అక్క. సాయంత్రం అక్క. సూది వేళకి పైకొచ్చి, తువ్వాలు పరిచి, వాణ్ణి పట్టుకుంటుంది. నేను వేస్తాను. ఇంతకు ముందు ఒక్కదాన్నే ఎలా వేశానో గుర్తు లేదు.

జూన్ 24, మంగళవారం

సాయంత్రం షాపులో ఆలస్యమైతే తను వెయ్యగలగాలని అక్క నేర్చుకుంటోంది. ఉత్త నీళ్ళు నింపి స్పంజి ముక్కకి గుచ్చుతోంది. "గీతలేవే? అన్నీ కలిసి ఒకే గీతలా ఉన్నాయి" అంటుంది. షాపుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. పరీక్ష చేయించి, అద్దాలు నేనే అరగదీసి, ఫ్రేములో అమర్చి, చెవుల వెనక వంపు సరిచేసి పెట్టాను. సూది కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంత సన్నవా! రోజంతా ఇలాంటివే చూస్తావా నువ్వు?"

"ఇంతకన్నా సన్నవి కూడా."

అక్క కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

జూన్ 27, శుక్రవారం

కళ్ళజోడు కోసం వచ్చిన మనిషి ముక్కు కొలుస్తుండగా షాపుకి ఫోను. అక్క. "తిన్నాడు. అంకె చూశా. తర్వాతే వేశా. నా చెయ్యి వణకలేదు, వాడూ కదల్లేదు. పెట్టేస్తున్నా" అని గబగబా చెప్పి పెట్టేసింది. ఎదురుగా ఉన్న మనిషి, "శుభవార్తా?" అని అడిగాడు. అవునన్నాను.

జూలై 4, శుక్రవారం

మందు ఇంకా తగ్గించారు. ఇప్పుడు సూదిలో ఉండేది చూడాలంటే నాకే కళ్ళజోడు కావాలి.

బావగారు జావ తాగుతున్నారు. అక్క ఎదురుగా కూర్చుని తాగిస్తోంది. గుమాస్తా పక్కన కూర్చుని సాక్షి సంతకం పెట్టేవాడిలా చూస్తున్నాడు. ఒక్క చుక్క కూడా ఎవరూ వాడికి వెయ్యడం లేదు. అందరం ఎంత కఠినులమైపోయామో!

జూలై 13, ఆదివారం

రోజంతా మీటరు. కాస్సేపు పైన, కాస్సేపు కింద, వాడు ఎక్కడుంటే అక్కడికి మేం. ఆయన అంకెలు చదువుతారు, బావగారు మళ్ళీ పైకి చదువుతారు, అక్క ఫోనులో డాక్టరమ్మకి అప్పగిస్తుంది. చెవి గుచ్చినప్పుడల్లా వాడు నా వైపు చూసే చూపు ఉందే, జన్మజన్మలకీ రుణపడిపోయాను.

అన్నీ విని డాక్టరమ్మ, "రేపట్నుంచి సూది వద్దు" అన్నారు. పిల్లుల్లో అప్పుడప్పుడూ ఇలా జరుగుతుందట. షుగరు పోయినట్టే పోయి మళ్ళీ రావచ్చు, అప్పుడప్పుడూ చూస్తూ ఉండమన్నారు. చూస్తాం. ఎన్నిసార్లైనా చూస్తాం.

అందరం గట్టిగా మాట్లాడేసుకున్నాం. బావగారు చప్పట్లు కొట్టారు. వాళ్ళు కిందికి దిగిపోయాక ఇల్లు సర్దుతుంటే మనసు ఒక్కసారిగా ఎలాగో అయిపోయింది. సూది లేదు. అయితే పొద్దున్నా సాయంత్రం అక్క పైకి ఎందుకొస్తుంది? మోకాళ్ళ నొప్పులు నిజంగానే ఉన్నాయి తనకి. ఇంత మంచి కబురు విని ఇలాంటి ఆలోచన రావడమేంటి? ఛీ.

ఆయనతో అన్నాను. "ఊఁ" అన్నారు. ఈసారి ఆ "ఊఁ" మెత్తగా ఉంది.

జూలై 14, సోమవారం

గుమాస్తాకి తిండి పెట్టాను. తిన్నాడు. ఆ తర్వాత చెయ్యడానికి పనేమీ లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. షాపుకి బయల్దేరడానికి బోలెడంత సమయం. ఇల్లంతా నిశ్శబ్దం. అలవాటుగా చెవులు రిక్కించాను. అవును, రిక్కించాను.

మెట్ల మీద చప్పుడు. ఒక్కో మెట్టుకీ ఆగి, ఊపిరి తీసుకుంటూ. అక్క లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, తువ్వాలు పరిచి, గుమాస్తాని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, సూది కోసం చెయ్యి చాపింది. అప్పుడు గుర్తొచ్చింది తనకి. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మర్చిపోయా" అంది.

నా మొహంలో ఏం కనిపించిందో, తువ్వాలు మడత పెడుతూ నా వైపు చూడకుండానే, "మర్చిపోలేదులే. మెట్లు ఎక్కేశాక ఏం చెప్పాలో తోచలేదు" అంది.

"ఏమీ చెప్పక్కర్లేదక్కా."

"సూది లేకపోతే రాకూడదా ఏంటి?"

టీ పెట్టాను. అక్క కాళ్ళు చాపుకుని కూర్చుని, మాటల్లేని రోజుల్నుంచీ నాకు చెప్పకుండా దాచుకున్న కబుర్లన్నీ వరసగా మొదలుపెట్టింది. ఎవరికి పెళ్ళి కుదిరింది, ఎవరు ఇల్లు మారారు, బావగారు నిద్రలో ఏం మాట్లాడతారు. ఎన్ని ఉన్నాయో! గుమాస్తా ఇద్దరి మధ్యా చేరి కాసేపు విని నిద్రపోయాడు.

షాపుకి ఆలస్యంగా వెళ్ళాను. ఎందుకని అడిగితే, "ఇంటికి మా అక్క వచ్చింది" అన్నాను.